పసుపు పెయింటు మీద ఎర్ర చుక్క

ఆ రోజుల్లో మా బళ్లారి వైపు పచ్చదనం అంటే వానాకాలంలో నాలుగు రోజులు కనబడే సంగతి. మిగతా కాలమంతా గనుల లారీలు లేపే దుమ్ముకు చెట్లు, గోడలు, బర్రెలు, పెళ్లికొడుకు తెల్లచొక్కా అన్నీ ఒకటే ఎరుపు. అలాంటి కాలంలో నాకు మా ఊరి మునిసిపాలిటీలో టెంపరరీ ఉద్యోగం దొరికింది. అదే మహాభాగ్యమనుకుని ఇస్త్రీ చొక్కా లేకుండా గడప దాటేవాణ్ణి కాదు.

ఒకరోజు మా ఇంజనీరు సారు పిలిచి, తెక్కలకోట బస్సులు పోయే రోడ్డును లారీల కోసం వెడల్పు చేస్తున్నారనీ, అడ్డమొచ్చే వేపచెట్లన్నిటికీ నరకడానికి ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టాలనీ చెప్పారు. "నీటుగా చెయ్యప్పా, నిన్ను పర్మనెంట్ చేసే ఫైలు నేనే కదిలిస్తా" అన్నారు. ఇక నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు. తీరా పోయి చూస్తే మొదళ్లన్నీ దుమ్ముతో ముందే ఎర్రగా ఉన్నాయి. నా ఎర్ర గుర్తు వెతికినా కనబడదు. అప్పుడు నా బుర్ర పనిచేసింది (అది పనిచేసినప్పుడల్లా మా ఇంట్లో భయపడేవారు). ఆఫీసులో మిగిలిపోయిన పసుపు పెయింటు తెచ్చి మొదలుకు జానెడు మేర పూసి, ఆరాక మధ్యలో గుండ్రంగా ఎర్ర చుక్క పెట్టాను. చూడముచ్చటగా ఉందని నన్ను నేనే మెచ్చుకుని, అన్ని చెట్లకూ అలాగే పెట్టి ఇంటికి పోయాను.

మరుసటి వారం చెట్లు నరికే మేస్త్రీ ఆఫీసుకొచ్చి గొడ్డలి కింద పెట్టేశాడు. "నాకు పిల్లోల్లు ఉండారు సార్. అమ్మవారి మీద ఏటు వేసేది నాతో కాదు" అన్నాడు. ఇంజనీరు సారు నా వైపు చూసిన చూపుకే నా పర్మనెంట్ ఆశ ఆవిరైపోయింది. చేతికి కిరసనాయిలూ గుడ్డా ఇచ్చి, అన్నీ తుడిచి రమ్మన్నారు. పోయి చూద్దును కదా, ప్రతి చెట్టు కిందా నీళ్లు చల్లి ముగ్గేశారు, కొబ్బరికాయలు కొట్టారు. టీ అంగడి అవ్వ చీపురుతో నాకు అడ్డం నిలబడింది.

"ఏందప్పా చేతిలో ఆ గుడ్డ?"

"అది పెయింటవ్వా. నేనే పూసినా."

"నీ చేత అమ్మే పూయించింది. లేకుంటే పసుపు పూసి బొట్టు పెట్టాలని నీకెట్ల తోస్తాది?"

నేను గుడ్డను వీపు వెనక్కి దాచుకున్నాను. వెనకే జీపు దిగిన ఇంజనీరు సారు నోరు తెరిచేలోపు అవ్వ ఆయన నుదుట ఇంత కుంకుమ అద్ది, కొబ్బరిచిప్ప చేతిలో పెట్టింది. ఆయన చుట్టూ మూగిన జనాన్ని చూసి, బూట్లు విప్పారు. "ఆయ్తప్పా, అట్లే కానీ, రోడ్డు ఆ పక్కకు జరుపుదాం, ఆడ ఖాళీ జాగా ఉండాది" అన్నారు. కొన్నాళ్లకు నా ఫైలు కూడా కదిలింది, అయితే చెట్ల విభాగానికి. "బొట్టు పెట్టినోనివి, నీళ్లు కూడా నువ్వే పొయ్యి" అన్నారు సారు. ఆ శిక్ష నాకెంత నచ్చిందో ఆయనకు చెప్పనేలేదు.

ఇప్పుడు లారీలు తగ్గాయి, ఆకులు వాటి రంగులోనే కనబడుతున్నాయి. మొన్న నీళ్ల ట్యాంకరుతో అటు పోతే, ఆ వీధికి కొత్తగా వచ్చిన కోడలు ఒకామె "చెప్పులు విప్పు సార్, ఈడ అమ్మవారు ఉండాది" అంది. ఆ పెయింటు డబ్బా మోసింది నేనేనమ్మా అని చెప్పబోయి, చెప్పులు విప్పాను. పైనుంచి వేపపూత రాలుతోంది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఆ దండంలో కాస్త వాటా ఆనాటి ఇస్త్రీ చొక్కా కుర్రాడికి కూడా పోతుందిలే అనుకుని, నవ్వుకుంటూ నీళ్లు వదిలాను.