రెండో స్తంభం దగ్గర

మావారు పోయిన రెండేళ్లకు గానీ ఆ అసలు బొమ్మను చూసే ధైర్యం నాకు రాలేదు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చలికాలపు ఆదివారాలు మాత్రం నీటిరంగులవే. ఊళ్లోని ఆర్ట్ గ్యాలరీలో రెండు వందల ఏళ్లనాటి నీటిరంగుల చిత్రం ఒకటి ఉండేది. ఇంగ్లండులో ఏదో పాత చర్చి లోపలి దృశ్యం: ఎత్తైన రాతి స్తంభాలు, పైకిటికీలోంచి నేల మీదికి ఏటవాలుగా దిగే వెలుగు. దాని ముందు నిలబడి పెన్సిల్‌తో గీసుకొచ్చి, ఇంట్లో రంగులు వేసేవారు.

"వెలుగు పడేచోట రంగు వెయ్యకుండా కాగితాన్ని తెల్లగా వదిలెయ్యాలోయ్. నా చెయ్యి ఊరుకోదే!" అని విసుక్కుని చింపేసేవారు.

చివరికి ఒకటి ఆయనకు నచ్చింది. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాం. అందులో రెండో స్తంభం దగ్గర, మనవైపు వీపు పెట్టి నేల మీద కూర్చున్న ఆడమనిషి ఉంది. గోరంత బొమ్మ, నీలం బట్టలు, తల మీద ముసుగు. అసలు బొమ్మను నేనెప్పుడూ చూడలేదు, అందులోనూ ఆమె ఉందనే అనుకున్నాను.

మొన్న అక్టోబరులో మా అమ్మాయితో గ్యాలరీకి వెళ్తే, ఆయన చెప్పిన గోడ మీద వేరే బొమ్మ ఉంది. వెలుతురుకు నీటిరంగులు వెలిసిపోతాయని దాన్ని లోపల దాచారట. అపాయింట్‌మెంట్ తీసుకుని మళ్లీ వెళ్లాం. అక్కడి ఉద్యోగిని పెట్టె తెరిచి, పైనున్న పల్చటి కాగితం తీసింది.

స్తంభాలున్నాయి, కిటికీ ఉంది, వెలుగుంది. మనిషి లేదు.

"వేర్ ఈజ్ ద లేడీ, అమ్మా?" అంది మా అమ్మాయి.

"మీ నాన్న పెట్టారమ్మా."

గుంటూరులో మా చర్చిలో చాపల మీద కూర్చునేవాళ్లం, ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. పెళ్లికి ముందు ఆయన వెనక వరసలో ఉండేవారు. కొంగు కప్పుకున్న నా తల, నా వీపు, ఆయనకు కనిపించింది అంతే.

ఎప్పుడు వేశారు, నాకెందుకు చెప్పలేదు అని అడగాలనిపించింది. ఆయన గొంతు వినాలని ఒళ్లంతా తపించిపోయింది. ఉద్యోగిని "టేక్ యువర్ టైమ్" అని దూరంగా వెళ్లి కూర్చుంది.

ఇంటికి తిరిగొచ్చే సిటీ ట్రైన్‌లో మా అమ్మాయి, "నాన్న నిన్ను ఫస్ట్ ఎప్పుడు చూశారు? టెల్ మీ," అంది. చెప్పడం మొదలుపెట్టాను. మా స్టేషన్ వచ్చింది, వెళ్లిపోయింది. ఇద్దరం చూశాం, ఎవరమూ లేవలేదు.