దారంతో కొలిచిన పాదం

ఓడ ఎక్కేముందు ఇటలీలోని చివితావెక్కియా రేవు చూడ్డానికి నాకు ఒక రోజు దొరికింది. బస్సులో నేను ఫోన్లో మాట్లాడుతుంటే నా నంద్యాల యాస విని పక్కసీటాయన పలకరించాడు. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కుతాడట. దిగగానే ఉత్తకాళ్లతో నిలబడ్డ నావికుడి చలువరాతి విగ్రహం దగ్గరికి తీసుకెళ్లి, నా చేతికి దారం కొస ఇచ్చాడు.

"గట్టిగా పట్టుకోన్నా."

పాదం మీద ఉబికిన నరాలను కొలుస్తూ దారానికి ముళ్లు వేస్తున్నాడు.

"ఫోటో తీసుకోవచ్చు కదప్పా?"

"ఫోటోలో లోతు యాడ తెలుస్తాది?"

అది చూసి అక్కడి కాపలావాడు అరిచాడు. నేను దారం వదలబోయాను.

"ఇంగా బొటనవేలుంది. వదలొద్దు."

వదల్లేదు. కొలత పూర్తయ్యాకే కాపలావాడికి దండం పెట్టి బయటపడ్డాం.

మొన్న ఆళ్లగడ్డలో బస్సు ఆగినప్పుడు, రోడ్డు పక్కన అప్పుడే చెక్కిన రాముడి విగ్రహం కనిపించింది. అడవులు నడిచిన ఆ పాదాల మీద నరాలు ఉబికి ఉన్నాయి.