జేబులో వెచ్చబడ్డ రాయి

అమెరికాలోని అరిజోనా ఎడారి దారిలో గోతం మోసుకుంటూ నడుస్తున్న ముసలావిడను డెల్మర్ తన ట్రక్కులో ఎక్కించుకున్నాడు. ఆవిడ పేరు ఓర్లా. ఏనాటివో చెట్లు రాళ్లుగా మారిన అక్కడి పార్కును ఊడ్చి ఊడ్చి ఆవిడ నడుం వంగిపోయింది.

"గోతంలో ఏంటమ్మా, బంగారమా?"

"నీలాంటి దొంగలు తిరిగిచ్చిన రాళ్లు, నాయనా."

డెల్మర్ ఉలిక్కిపడ్డాడు. అతని జేబులోనూ ఒక రాయి ఉంది. పెళ్లయిన కొత్తలో ఈ పార్కుకొచ్చి అతని భార్య లొరీన్ దాచుకున్నది. ఏ వింతను చూసినా కాస్త తుంచుకుపోవాలనిపించడం మనిషి గుణం కాబోలు. ఇప్పుడామె ఆసుపత్రిలో కళ్లు మూసుకుంటే చాలు, ఎవరో మంచం కింద వెతుకుతున్నారని ఏడుస్తోంది. అంతా ఈ రాయి వల్లేనని, దాన్ని తీసినచోటే పెట్టి రమ్మని పంపింది.

"మా ఆవిడ ఎక్కడ తీసిందో గుర్తులేదు," అన్నాడు.

"పార్కువాళ్లకీ తెలీదు. అందుకే తిరిగొచ్చినవన్నీ రోడ్డు పక్కన కుప్ప పోస్తారు. నేను వాటిని ఇళ్లకి చేరుస్తుంటా. దగ్గరికొస్తే అవే చెబుతాయి."

"రాళ్లా? ఎండదెబ్బ తగిలిందా నీకు?"

అంతలో అతని జేబు చురుక్కుమంది. రాయి కాలుతోంది.

"ఆపు," అంది ఓర్లా.

దిగి చూస్తే, విరిగిపడ్డ రాతిమాను పక్కన చిన్న గుంట. ఇన్నేళ్ల ఇసుకగాలికీ అది పూడలేదు. డెల్మర్ రాయిని అందులో పెట్టగానే, అతుకైనా కనబడకుండా నేలలో కలిసిపోయింది.

ఫోన్ మోగింది. "బావా, అక్క ఇప్పుడే పడుకుంది. గురక కూడానూ!" అంది మరదలు.

ఆ మాట చెబుదామని డెల్మర్ వెనక్కి తిరిగాడు. ఓర్లా అప్పటికే గోతం భుజానెత్తుకుని, లోపలి రాళ్లతో ఏదో గొణుగుతూ, ఎండలోకి వెళ్లిపోతోంది.