మేస్త్రీకి చూపించని మోడల్

తెల్లాపూర్‌లో కడుతున్న ఒక టవర్‌కు ఈ రోజు వార్త కోసం వెళ్లాను. ఏ పైపు ఏ బీములోంచి వెళ్లాలో ఇంజనీరు కంప్యూటర్ మోడల్‌లో చూపించాడు. నాలుగో అంతస్తులో మాత్రం, పైపుకు రంధ్రం వదలకుండా పోసిన బీమును డ్రిల్లుతో తొలుస్తున్నారు. బీముకు బలమిచ్చే లోపలి ఇనుప కడ్డీ తెగింది. రేపటి నుంచి రావద్దని ఇంజనీరు ఆ బీము పోయించిన మేస్త్రీ యాదయ్యకు చెప్పేశాడు.

యాదయ్య జేబులోంచి డ్రాయింగ్ తీశాడు. "మీరిచ్చిన కాయిదంల బొక్క లేదు సార్. మీ కంప్యూటర్ల ఉన్నది మాకెవరు చూపెట్టిండ్రు?"

"ఆఫీసుకొచ్చి అడగాలి కదయ్యా."

"బురద బూట్లతోని లోపటికి రావద్దని తలుపు మీద మీరే రాసి పెడ్తిరి."

ఆ నోటీసు నేనూ చూశాను. రంధ్రం చేర్చి మోడల్ మార్చాక కొత్త డ్రాయింగ్ ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. అయినా సాయంత్రం గేటు దగ్గర హెల్మెట్ అప్పగించింది యాదయ్యే. మీ సైట్‌లో మోడల్ ఎవరికి చూపిస్తారు, తప్పు ఎవరి మీద వేస్తారు?