ఇంటర్వెల్‌లో వినిపించిన పాట

మొన్న మా రేడియో స్టేషన్లో పాత బీరువా ఖాళీ చేస్తుంటే అట్టపెట్టె నిండా క్యాసెట్లు బయటపడ్డాయి. ఒకదాని మూత తెరిచాను. ఎండకు కాగిన ప్లాస్టిక్కు వాసన, అందులో ఎక్కడో సన్నగా కలిసిన తుప్పు వాసన. కాశింబీ అత్త దుకాణం షట్టరు ఎత్తగానే పొద్దున్నే ముఖానికి కొట్టే వాసన అదే.

మార్కాపురం బస్టాండు దగ్గర ఆమెకు పాటల దుకాణం ఉండేది. భర్త పోయాక బంధువులంతా అమ్మేయమన్నా అమ్మలేదు. మాది పెద్దారవీడు. అమ్మా నాయనా కూలికి పోయి నన్ను డిగ్రీ దాకా చదివించారు. పని వెతుక్కుంటూ ఆ దుకాణానికి వెళ్లి, చర్చిలో పాడతానని గొప్పగా చెప్పాను. ఆమె పాడమనలేదు. "రేపట్నుంచి రా సువార్తా. చెప్పులు బయట ఇడువు, దుమ్ము పడితే టేపులు పాడైపోతాయి" అంది. అంతే, ఉద్యోగం.

కొన్నాళ్లకు ఒక సినిమా కంపెనీ మనిషి, ప్రసాద్ అని, క్యాసెట్ల పెట్టెలతో వచ్చాడు. వాళ్లు కొత్తగా తీసింది పాటలే కథగా నడిచే సినిమా. అందరూ కొత్తవాళ్లు. పేరు చెప్పినా ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. హీరోను చూసి జనం రారు కాబట్టి పాటలు ముందే ఊళ్లలోకి పోవాలని, ఆ పని చేసి పెడితే ఈ ప్రాంతానికంతా తమ కంపెనీ క్యాసెట్లు, సీడీలు అమ్మే ఏజెన్సీ ఆమెకే ఇప్పిస్తానని అన్నాడు. అప్పటికే సీడీలు వచ్చి క్యాసెట్ల అమ్మకం పడిపోతోంది. ఆ ఏజెన్సీ వస్తే దుకాణం నిలబడుతుంది. అత్త కళ్లలో ఆశ నాకు కనిపించింది.

"రేడియోలో కోరిన పాటలు వేస్తారు కదండీ. తలా ఒక పేరు పెట్టి మీరే ఫోన్లు చేయించండి" అని సలహా ఇచ్చాడు ప్రసాద్.

"అట్ల చేస్తే సినిమాకు ఆ పేర్లే వస్తాయి నాయనా, మనుషులు రారు" అంది అత్త.

మరుసటి రోజు నుంచి మేమిద్దరం క్యాసెట్ల సంచీతో బస్సులెక్కాం. పొదిలి, దర్శి, గిద్దలూరు. పాటల దుకాణం కనపడితే దిగడం, "అన్నా, ఒక్కసారి ఏసి చూడు" అని క్యాసెట్ ఇవ్వడం, బయట బల్ల మీద కూర్చోవడం. అత్త పాట వినేది కాదు, రోడ్డు చూసేది. కంపెనీ వాళ్లు నమ్ముకున్న డాన్సు పాటకు కుర్రాళ్లు తల ఊపి వెళ్లిపోయేవాళ్లు. కానీ క్యాసెట్ రెండో వైపు ఒక పాట ఉంది. వలసపోయిన తమ్ముణ్ణి అక్క అడుగుతుంది, మీ దిక్కున వాన పడిందా అని. పొదిలిలో ఆ పాట వస్తుంటే నెత్తిన మూటతో పోతున్న ఒకామె ఆగింది. మూట దించకుండానే చివరిదాకా విని, "మళ్లా ఎయ్యి నాయనా" అని దుకాణమతన్ని అడిగింది.

"మీ తమ్ముడు యాడుండాడమ్మా?" అని అత్త అడిగింది.

"బెంగుళూర్లో. బిల్డింగు పనికి పోయినాడు. నీకెట్ల తెలుసు?"

అత్త తన పక్కన చోటు చూపించింది. ఇద్దరూ కలిసి రెండోసారి విన్నారు.

రేడియో స్టేషనుకు ఆ పాటే తీసుకెళ్లాం. అనౌన్సరు ఒకసారి విని, సాయంత్రం కార్యక్రమంలో వేశాడు. డాన్సు పాట ఎందుకు ఇవ్వలేదని ప్రసాద్ ఫోన్లో కోప్పడ్డాడు. వారం తిరిగేసరికి దోర్నాల నుంచి, తర్లుపాడు నుంచి, కంభం నుంచి ఆ పాట కోసం ఫోన్లు మొదలయ్యాయి. దుకాణంలో రేడియో పెట్టుకుని, ఒక్కో ఊరి పేరు వినిపించినప్పుడల్లా అత్త నా వీపు మీద చరిచేది. పాట కోసం వచ్చినవాళ్లందరికీ, సినిమాలో ఉంటది, వచ్చి చూడమని చెప్పేది.

సినిమా విడుదలైన రోజు మార్నింగ్ షోకు హాలు నిండింది. సగానికి పైగా ఆడవాళ్లు. మేమూ కూర్చున్నాం. ఇంటర్వెల్ దాటింది, పెళ్లి జరిగింది, శుభం పడింది. ఆ పాట మాత్రం రాలేదు.

మేము దుకాణం చేరేసరికే జనం వచ్చేశారు. "ఆ పాట యాడికి పోయింది? దానికోసమే గదా బస్సెక్కి వచ్చింది" అని తర్లుపాడు నుంచి వచ్చిన ఒక పెద్దామె నిలదీసింది. అత్త ప్రసాద్‌కు ఫోన్ చేసింది. నిడివి ఎక్కువైందని కోసేశారట. "మీరెందుకండీ బాధపడతారు? సినిమా తీసింది మీరు కాదు కదా" అన్నాడు.

"తీసింది మీరే. రమ్మనింది నేను" అని ఫోన్ పెట్టేసింది.

నేరుగా థియేటర్ మేనేజర్ రామిరెడ్డి దగ్గరికి నడిచింది. మ్యాట్నీ ఇంటర్వెల్‌లో ఆ పాట వినిపించమని అడిగింది.

"కంపెనీ వాళ్లు ఊరుకోరక్కా. నీకు ఏజెన్సీ రాకుండా చేస్తారు" అన్నాడతను.

"తెలుసులే అన్నా. మైకు యాడుంది?"

ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. తెర ముందు ఆమె కొంగు సర్దుకుని నిలబడింది. "సినిమాలో ఈ పాట ఉంటదని నేనే మిమ్మల్ని పిలిచినాను. లేదు. నాకు తెలియక పిలిచినా తప్పు నాదే. ఇక్కడ ఇనిపిస్తాను. పొద్దున ఇనకుండా పోయినోళ్లకు మీరు చెప్పండి."

పాట మొదలైంది. సోడాలకు లేచినవాళ్లు లేచినచోటే నిలబడిపోయారు. బయటికి పోయినవాళ్లు వెనక్కి వచ్చి తలుపుల దగ్గర గుమిగూడారు. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా ముందు వరుసలో ఒకామె ముక్కు చీదుకుని, పక్కామెతో "పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేసినాడు, అక్కడ గూడా పడలేదంట" అంది. సినిమా ఆడినన్ని రోజులూ, ఆట ఆటకూ రామిరెడ్డి ఆ పాట వేయించాడు.

సినిమా వారానికే ఎత్తేశారు. ఏజెన్సీ ఇంకొకరికి పోయింది. ఏడాది తిరక్కముందే అత్త క్యాసెట్ల అరలు తీసేసి గాజులు పెట్టింది. రేడియోలో కొత్త అనౌన్సర్లు కావాలని తెలిసినప్పుడు నన్ను తోసి మరీ పంపింది. ఎప్పుడైనా ఏజెన్సీ మాటెత్తితే, "గాజులకేం తక్కువే? రంగురంగులుంటాయి" అని నవ్వేది. బాధ ఉండే ఉంటుంది. నా దగ్గర చెప్పుకోలేదు. ఆమె పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది.

పోయిన వారం మా కార్యక్రమానికి ఒక జానపద గాయని వస్తుందని ప్రకటించాను. ఆమె రాలేకపోయింది, మేము వేరే పాటలతో సర్దేశాం. మరుసటి రోజు అదే వేళకు మైకు ముందు కూర్చుని, "నిన్న మీ అందరినీ ఆశపెట్టి కూర్చోబెట్టాను. క్షమించండి" అన్నాను. ఎవరూ అడగనిదానికి క్షమాపణ దేనికని మా మేనేజరు విసుక్కున్నాడు. అంతలో ఫోన్ మోగింది. గిద్దలూరు నుంచి ఎవరో పెద్దాయన. "నిన్న ఆమె కోసం చానాసేపు చూసినామమ్మా. చెప్పినావు, చాలు. ఆమె ఎప్పుడొస్తే అప్పుడే ఇంటాంలే" అన్నాడు.