ఆడిటర్ సారు నంబరు

మొన్న పక్కింటి కోడలు పిల్ల వచ్చి మా అరుగు మీద కూర్చుంది. రెడీమేడ్ బట్టలు కుట్టే పని పెట్టుకుంటుందట, మిషన్లు కూడా వచ్చేశాయట, ఇక జీఎస్టీ నంబరు తీసుకోవడమే మిగిలిందట. "అత్తా, నీకు గివన్ని ఎరికేనాయె, మంచి ఆడిటర్ ఎవలన్న ఉంటే చెప్పరాదు" అని అడిగింది. నేను చాయ పెట్టే నెపంతో లేచి వంటింట్లోకి పోయి, చాయ మరిగి గిన్నె అంచుదాకా వచ్చేవరకు అక్కడే నిలబడిపోయాను. సిరిసిల్లలో ఇంతమంది ఉండగా ఈ మాట నన్నే అడగాలా అనిపించింది. పాపం, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, దానికేం తెలుసు.

చార్టర్డ్ అకౌంటెంట్ అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసి ఉన్నా మా వైపు ఆయన ఆడిటర్ సారే. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒకరి కార్ఖానాలో మరమగ్గాలు నడిపేవాడు, నేను ఇంట్లో బీడీలు చుట్టేదాన్ని. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఎప్పటికైనా మనకూ సొంత సాంచాలుండాలని ఇద్దరికీ ఒకటే పట్టుదల. ఆడవాళ్ళ పేరు మీదైతే బ్యాంకు అప్పు తొందరగా వస్తుందని ఎవరో చెప్పగా, బీడీల చాట ముందు నుంచి లేపి నన్ను కాగితం మీద యజమానిని చేశారు. ఆ అప్పు కావాలంటే ఆడిటర్ సంతకం కావాలన్నారు, ఆ విధంగా మా వెతుకులాట మొదలైంది.

ఆడిటర్ విషయంలో మేము పెట్టుకున్న మొదటి షరతు, ఆయన మా ఊరివాడు కాకూడదన్నది. మీలో సిరిసిల్ల గల్లీల్లో పెరిగిన వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, ఇక్కడ ప్రతివాళ్ళూ ఏదో ఒక వరుసకు చుట్టాలే, మనం ఎంత అప్పు అడిగామో మనం ఇల్లు చేరే లోపలే మన వీధికి చేరుతుంది. అందుకని బస్సెక్కి ముందు కోరుట్లకు పోయాం. అక్కడి ఆడిటర్ సారు మా ఆయనను ఒక్క మాట అడగలేదు, నన్నే అడిగాడు. "యజమానివి నువ్వేనాయె గదమ్మా, నెలకు ఎంత నూలు వడుతదో నువ్వు చెప్పు" అన్నాడు. నేను మా ఆయన వైపు చూస్తే, "ఆయన దిక్కు చూడకు" అన్నాడు. కాగితాలన్నీ నా చేతిలో పెట్టి, ఇంటికి తీసుకుపోయి చదువుకుని, అర్థం కానివి గుర్తు పెట్టుకుని వారం తర్వాత రమ్మన్నాడు. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఆ గదిలో తల ఎత్తాలనిపించలేదు. తిరుగు బస్సులో మా ఆయన "గాయన ఆడిటరా, పోలీసా" అంటే నేను కూడా నవ్వాను, నవ్వితే ఆ సిగ్గు కొంత తగ్గింది.

ఆ తర్వాత జగిత్యాలకు పోయాం. అక్కడి గడియారం టవర్ దగ్గర ఒక పాత బిల్డింగు మీద, ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాల్సినంత ఇరుకైన మెట్లు, పైన ఫైళ్ళు నిండిన రెండు గదులు. ఈ సారు కూర్చోమని, చాయ తెప్పించి, నన్ను చెల్లె అని పిలిచి, ఎక్కడ సంతకాలు పెట్టాలో పెన్సిల్‌తో చిన్న గుర్తులు పెట్టి ఇచ్చాడు. "నువ్వేం ఫికర్ చెయ్యకు చెల్లె, అంత నేను జూసుకుంట" అన్నాడు. అప్పు చేతికొచ్చినంత సంబరంగా మెట్లు దిగాం. ఆడిటర్‌ను ఎట్లా ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే పెద్ద పెద్ద మాటలు చెబుతారు గానీ, మా తరం వాళ్ళం ఎంచుకున్నది ఇట్లాగే. పని ఎవరికి బాగా తెలుసు అన్నది చూడలేదు, ఎవరి ముందు మనకు చిన్నతనం అనిపించదో చూసుకున్నాం.

ఆ ఎంపిక తప్పని అనడానికి నాకు ఈ రోజుకూ నోరు రాదు, ఎందుకంటే ఆయన నిజంగానే అంతా చూసుకున్నాడు. మొదట నాలుగు సాంచాలు, కొన్నేళ్ళకు ఎనిమిది. ఏడాదికోసారి నూలు బిల్లులు, కరెంటు బిల్లులు ఒక గుడ్డ సంచిలో కుక్కుకుని మేము పోవడం, ఆయన వాటిని బల్ల మీద బోర్లించి, "ఏందిది చెల్లె, గీ బిల్లుల నిండ నూనె మరకలు, వీటి మీదనే మిర్చీలు చేసినవా" అని నవ్వుతూ ఒక్కొక్కటే సాపు చేసి వరస పెట్టడం. పని సాగని సంవత్సరాల్లో ఫీజు మాట ఎత్తేవాడు కాదు, మేము ఎత్తినా వినిపించుకునేవాడు కాదు. మా సాంచాల మీద నేసిన తువ్వాళ్ళు రెండు తీసుకుపోతే మాత్రం వద్దనకుండా తీసుకుని వాసన చూసేవాడు, కొత్త బట్ట వాసన ఆయనకు ఇష్టం. పని అయ్యాక బస్టాండు దగ్గర వేడి మిర్చీలు తినడం, ఒకసారి అక్కడి పాత కోట, ఖిల్లా, చూసి రావడం, నా జీవితంలో మా ఆయనతో కలిసి షికారు అంటూ ఏదైనా చేశానంటే అది ఆడిటర్ దగ్గరికి పోయిన రోజునే.

జీఎస్టీ వచ్చినప్పుడు అందరికీ గుండె దడ పట్టుకుంది. సారు మాత్రం రోజుకు ఇంతమందిని కూర్చోబెట్టి ఓపికగా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. మా వంతు వచ్చినప్పుడు, ఈ ఫోన్ నంబరుకే ప్రతిసారీ ఓటీపీ వస్తుంది, అది చెబితేనే తలుపు తెరుచుకుంటుంది, అందుకని యజమాని నంబరు ఉండాలి అన్నాడు. మా ఆయన ఎక్కడ రీచార్జి చవకైతే ఆ సిమ్ము మార్చే మనిషి. నా చేతిలో మీటలు నొక్కే చిన్న ఫోను, మెసేజీ వస్తే ఎక్కడ చూడాలో కూడా తెలియదు. సారు నా వైపు చూసి, "చెల్లె, నీ నంబరే పెడుదమా" అని అడిగాడు.

"మాకెందుకు సార్ గా లొల్లి, మీ నంబరే రాసుకోండ్రి" అన్నాను.

ఆ మాట అన్నది మా ఆయన కాదు, నేను. ఆయన ఇంకోసారి అడిగాడు, నేను ఇంకోసారి అన్నాను. మమ్మల్నీ మా కాగితాలనూ ఒకరి చేతిలో పెట్టడం ఆ మనిషికి ఇచ్చే గౌరవమని మేము అనుకునేవాళ్ళం. మా లాంటి వాళ్ళు ఎంతమంది అట్లా అన్నారో, అందరి తలుపులూ ఆ ఒక్క మనిషి జేబులోనే ఉండేవి.

రెండేళ్ళు పని లేక సాంచాలు నిలబడి ఉన్న రోజుల్లో సారుకు బాగాలేదని, హైదరాబాదు ఆస్పత్రిలో ఉన్నాడని తెలిసింది. బట్ట నేసింది లేదు, అమ్మింది లేదు, ఇప్పుడు ఆయనను కదిలించడం మర్యాద కాదు, బాగైన తర్వాత ఆయనే చూసుకుంటాడులే అనుకున్నాం. ఏమీ అమ్మకపోయినా అమ్మలేదని రాసి పంపాలన్న సంగతి మాకు తెలియదు. ఆయన బాగుపడలేదు. దినాలకు పోయి, మొగుణ్ణి పోగొట్టుకున్న ఆమె ముందు మా కాగితాల మాట ఎత్తలేక, కళ్ళు తుడుచుకుని తిరిగి వచ్చాం.

కొన్ని నెలలకు సర్కారు బడిపిల్లల యూనిఫారాల బట్ట ఆర్డరు మా ఊరికి వచ్చింది. రిజిస్ట్రేషన్ సరిగా ఉన్న వాళ్ళందరికీ పంచుతామన్నారు. మా ఎనిమిది సాంచాలు ఏడాది పాటు ఆగకుండా తిరిగేంత పని. అది దొరికితే బ్యాంకు వాళ్ళకు మొహం చూపించగలం, దొరకకపోతే అమ్ముకోవడమే. పేరిచ్చేందుకు వారం గడువు. ఆ రిజిస్ట్రేషన్ కాగితం తీయాలంటే సారు నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. సారు భార్య మా ఫైలు వెతికి ఇచ్చింది గానీ ఫోను ఎప్పుడో ఆపేశామంది. ఆశ చావక ఆ నంబరుకు నేనే ఫోన్ చేశాను. మోగింది. ఒక్క క్షణం ఆయనే ఎత్తుతాడనిపించింది.

ఎత్తింది జగిత్యాల అవతల బీర్పూర్‌లో ఉండే ఒక రైతు. "గీ సిమ్ము నేను కొత్తగ తీసుకున్న అక్కా. దినాం ఎవలో ఒకలు సారున్నడా అని అడుగుతనే ఉంటరు. ఆయన సచ్చిపోయిండట గదా" అన్నాడు. ఓటీపీ నంబరు వస్తే చదివి చెప్పమంటే మాత్రం ససేమిరా అన్నాడు. "నంబర్లు ఎవ్వలకు చెప్పద్దని బ్యాంకోళ్లు చెప్పిండ్రు. నువ్వెవలో నాకేం ఎరుక" అన్నాడు. అందులో తప్పేముంది. మర్నాడు మా ఆయన తెల్లవారే బస్సుకు జగిత్యాల పోయి, అక్కడి నుంచి సారంగాపూర్ మీదుగా ఆటోలో బీర్పూర్ చేరి, ఆ రైతును పొలంలో వెతికి పట్టుకున్నాడు. నేను ఇక్కడ నెట్ సెంటర్లో కంప్యూటర్ ముందు. ఆ రైతు మా ఆయనకు నీళ్ళిచ్చి, గట్టు మీద కూర్చోబెట్టి, ఫోను చేతిలో పెట్టి, "ఇంతమంది ఫోన్లు చేసిండ్రు గని, మనిషి వచ్చింది నువ్వొక్కనివే అన్నా" అన్నాడట. మొదటిసారి సిగ్నల్ లేక ఓటీపీ గడువు దాటిపోయింది, రెండోసారి మా ఆయన ఒక అంకె తప్పు చదివాడు. మూడోసారి మా ఆయన ఒక్కొక్క అంకె చెబుతుంటే నేనే నొక్కాను, తలుపు తెరుచుకుంది. ఫోనులో ఆయన "వచ్చిందా, వచ్చిందా" అంటూనే ఉన్నాడు.

లోపల ఉన్నది ఒకటే మాట. మా రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దయింది. హెచ్చరికలన్నీ సారు నంబరుకూ సారు మెయిలుకూ వచ్చి, చదివేవాళ్ళు లేక అట్లాగే పడి ఉన్నాయి, రద్దు తీసేయమని అడుక్కునే గడువు కూడా దాటిపోయింది. నెట్ సెంటర్ అబ్బాయి చదివి చెప్పిన ఆ నాలుగు ముక్కలు బీర్పూర్ గట్టు మీద కూర్చున్న మనిషికి ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. ఇంటికి రమ్మని మాత్రం అన్నాను.

రెండో రోజు కోరుట్లకు పోయాం. ఆ ఆడిటర్ సారు ముసలివాడయ్యాడు, మమ్మల్ని గుర్తు పట్టలేదు, పట్టనందుకు లోపల్లోపల సంతోషించాను. గంటసేపు అన్నీ చదివి, కొత్తది తీసుకోవాలన్నా పాత లెక్కలన్నీ జరిమానాలతో కట్టి మూయాలని, అదయ్యేసరికి ఆర్డరు పంపకం అయిపోతుందని చెప్పాడు. "నంబరు ఎవలది ఇచ్చిండ్రమ్మా" అని అడిగాడు. చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు, ఎవరు ఇమ్మన్నారని మాత్రం అడగలేదు. మా ఆయన నా పక్కనే ఉన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. ఫీజు తీసుకోమంటే ఆ సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

నెల తిరగకుండా ఎనిమిది సాంచాలనూ పాత ఇనుము కింద తూకానికి అమ్మాం. వచ్చింది బ్యాంకుకే చాలలేదు. మా ఆయన ఈ వయసులో మళ్ళీ ఒకరి కార్ఖానాలో కూలికి నిలబడుతున్నాడు, నేను మళ్ళీ బీడీల చాట ముందుకు వచ్చాను. ఆ మధ్య జరిగిన ఇరవై ఏళ్ళూ జరగనట్టే. ఆ రోజుల్లో ఏదైనా చెడితే మెట్లెక్కి ఒక మనిషి ముందు నిలబడి ఏడ్చేవాళ్ళం, కోప్పడేవాళ్ళం, ఆ మనిషి చాయ తెప్పించేవాడు. ఇప్పుడు కోపం ఎవరి మీద తెచ్చుకోవాలి? పోయిన మంచి మనిషి మీదనా, మేమెవరో తెలియకపోయినా నీళ్ళిచ్చిన రైతు మీదనా?

సాంచాలు తిరిగే కాలంలో మేమిద్దరం పోట్లాడుకోని రోజు లేదు. ఆ చప్పుడులో మామూలు మాటే కేక వేసి చెప్పాలి, పోగు తెగిందనీ, అన్నం ఆలస్యమైందనీ, పైసలు ఎక్కడ పెట్టావనీ ఊరంతా వినేటట్టు అరుచుకునేవాళ్ళం. సాంచాలు పోయినప్పటి నుంచి ఆయన నాతో చాలా నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. కూరలో ఉప్పు మరిచినా తిని లేస్తాడు. నంబరు సంగతి ఇన్ని రోజుల్లో ఒక్కసారి ఎత్తలేదు, నీవల్లే అని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును.