పసుపుదారం కట్టిన చక్రం

రెండో శనివారం సెలవు దొరికితే రాళ్లు చూడ్డానికి బయల్దేరాను. నవ్వకండి. మా కృష్ణా జిల్లాలో ఎటు చూసినా నల్లరేగడే. ఇల్లంత బండ మీద ఇంకో ఇల్లంత బండ నిలబడి ఉంటుందని పట్నం వచ్చాకే విన్నాను. పొద్దున ఏడున్నరకి నాంపల్లిలో పాసింజరెక్కి, ఎనిమిదిన్నర దాటాక లింగంపల్లిలో దిగి, నల్లగండ్లకు నడిచాను. వెళ్లదలిచినవాళ్లు మంచినీళ్లు తీసుకువెళ్లాలి, దారిలో నీడ లేదు.

పదకొండున్నరకల్లా రాళ్ల మీద మోజు తీరి ఆకలి మొదలైంది. ఊరి హోటల్లో ఉప్మా తింటూ తిరుగు రైలు గురించి అడిగితే సాయంత్రమేనన్నారు. పక్క బల్ల మీద టీ తాగుతున్న మనిషి నా వైపు తిరిగాడు.

"పట్నం దవాఖానకు పోతున్న సార్. బండిల జాగ ఉంది, వస్తరా?"

ఆయన పేరు మల్లయ్య. జామకాయలు, కూరగాయలు మార్కెట్టుకు తోలే పాత పికప్పు ఆయనది. పన్నెండింటికి కదిలాం. మా ఇద్దరి మధ్య సీటు మీద ఉతికి మడిచిన బొంత ఉంది. ఎవరికని అడిగాను.

"నా బిడ్డకు. రెండు కాన్పులు పోయినంక ఇది నిలిచింది. పుట్టి తొమ్మిది దినాలాయె," అన్నాడు. భార్య నర్సమ్మను ఆ రోజే ఇంటికి పంపుతున్నారట. మూడింటికి మంచం ఖాళీ చెయ్యాలి. తోడు ఎవరూ లేరు. ఈయన చేరకపోతే పచ్చి బాలింత పసిగుడ్డుతో వరండాలో పడిగాపులు కాయాలి.

వారం రోజులుగా ముందు చక్రం మూలుగుతోందట. ఇరుసు మీద చక్రాన్ని తిప్పే బేరింగులు అరిగాయని తెలిసి, లోపలిదీ బయటిదీ రెండూ కొత్తవి తెచ్చి నిన్న తనే వేసుకున్నాడు. పసుపు కుంకుమ పెట్టి, చక్రం నడిమి మూతకు పసుపుదారం కట్టాడు. "నర్సమ్మ చూసినంకనే ఇప్పుత," అన్నాడు.

గచ్చిబౌలి దాటి ఖాజాగూడ దగ్గరికి వచ్చేసరికి మాడు వాసన. మల్లయ్య దిగి చక్రం మూత మీద చెయ్యి వేసి చటుక్కున లాక్కున్నాడు. కరిగిన గ్రీజు అంచుల్లోంచి కారుతోంది.

"కొత్త బేరింగు సార్. నిన్న ఏసిందే," అన్నాడు. అప్పటికి ఒంటిగంట కావస్తోంది.

నడక వేగంతో పోనిచ్చి, రోడ్డు పక్క రేకుల షెడ్డు ముందు ఆపాం. అక్కడ లారీలు బాగుచేసే యూసుఫ్ సాబ్ అనే ముసలాయన ఉన్నాడు. వాసన చూసి ఒకటే అడిగాడు. "నట్టు ఎంత బిగించినవ్?"

"ఉన్న బలమంత పెట్టిన సాబ్. పసిపిల్ల కూసుంటది కద."

"గదే గల్తీ. ఇప్పాలె," అన్నాడు. మల్లయ్య చెయ్యి దారం మీదికి పోలేదు. యూసుఫ్ సాబ్ తొందరపెట్టలేదు. "నువ్వే ఇప్పు బేటా. నేను దానికి కత్తి పెట్టను," అని పానా పట్టుకుని నిలబడ్డాడు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. చివరికి మల్లయ్య ముడి విప్పి దారం నా చేతికిచ్చాడు. చొక్కా జేబులో దాచాను.

చక్రం పైకెత్తి ఊడదీశారు. యూసుఫ్ సాబ్ బేరింగులను కిరసనాయిలులో కడిగి, వెలుతురులో తిప్పి చూశాడు. "రంగు మారలే. బతికినయ్." అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, సందుసందులోకీ ఒత్తి నింపాడు. చక్రం ఎక్కించి, చేత్తో తిప్పుతూ నట్టు బిగించి, మళ్లీ కాస్త వెనక్కి వదిలి, కదలకుండా పిన్ను దూర్చాడు.

"పైన కింద పట్టి ఊపు. తెలిసీ తెల్వనట్టు కదలాలె. వేడికి ఇనుము ఉబ్బుతది, దానికి జర జాగ ఉండాలె," అన్నాడు. "మర్లేటప్పుడు బిడ్డను చూపెట్టి పో."

దవాఖాన చేరేసరికి మూడూ పది. నర్సమ్మ వరండాలో గోడకానుకుని కూర్చుని ఉంది, ఒళ్లో పాప. ఆమెను చూడగానే నాకే ఏడుపొచ్చినంత పనైంది. మల్లయ్య సబ్బుతో మూడుసార్లు చేతులు కడిగాడు, అయినా గ్రీజు మరకలు పోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎత్తుకోవయ్యా, కరవదు," అన్నాను.

"ఆయనను ఉండనియ్యుండ్రి సార్," అంది నర్సమ్మ. జరిగింది విని, నా దగ్గర దారం తీసుకుంది. బండి దగ్గరికి వచ్చాక పాపను నా చేతుల్లో పెట్టి, తనే మెల్లగా వంగి చక్రానికి కట్టింది. ఫైళ్లు తప్ప మొయ్యని గుమాస్తాను నేను. ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. ఆ పూట తండ్రి కంటే ముందు ఎత్తుకున్నందుకు సిగ్గుపడ్డాను కూడా.

నాలుగున్నరకి, తిరుగుదారిలో, నా గది ఉన్న మెహదీపట్నంలో నన్ను దింపారు. మల్లయ్యా దిగి, చక్రం మూతకు చెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. "గోరువెచ్చగ ఉంది. గంతే," అన్నాడు.

నర్సమ్మ కిటికీలోంచి ఆ చెయ్యి పట్టుకుని లాగి, తుడుచుకోనివ్వకుండా పాప పాదానికి ఆనించింది. "ఇది గూడ గంతే ఉంది, చూడు."

రాళ్ల గురించి రాద్దామని కూర్చున్నాను. రాళ్లు బాగున్నాయి, తప్పక చూడండి. నా కళ్ల ముందు మాత్రం మల్లయ్య చెయ్యి తీశాక పాప అరికాలి మీద మిగిలిన నల్లటి గ్రీజు మచ్చే ఉంది. మల్లయ్య కంగారుగా పైపంచె కొంగుతో తుడవబోయాడు. నర్సమ్మ అడ్డుకుంది.

"ఉండనియ్. ఇయ్యాల దిష్టిచుక్క పెట్టలే."